వేడెక్కితే మొరాయించే కారు

సెన్సారు అనగానే మనకు సినిమా గుర్తుకు వస్తుంది. కత్తెర పట్టుకుని కూర్చున్న పెద్దమనుషులు, వాళ్ళ ఎదుట చెమటలు కక్కుతున్న నిర్మాత! కాని మోటారు షెడ్డులో ఆ మాట వినిపిస్తే అర్థం వేరు. "సెన్సరు పోయినట్టుందండీ" అని మెకానిక్కు అన్నాడంటే, కత్తెర పడబోయేది ఫిల్ముమీద కాదు, మన జేబుమీద అన్నమాట.

జేబు కత్తిరింపు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. డబ్బు పోయాక కూడా రోగం అలాగే వుంటేనే కష్టం.

విజయనగరంనుంచి అరకు బయలుదేరారనుకోండి. వెనుక సీట్లో పిల్లలు, వాళ్ళ నాయనమ్మ, పులిహోర డబ్బా, మంచినీళ్ళ మరచెంబు. శృంగవరపుకోట దాటేవరకు కారు పాట పాడినట్టు నడిచింది. ఘాటీ మొదలయింది. మలుపు మీద మలుపు. రెండో గేరు తప్ప మూడో గేరు పడదు. అనంతగిరి ఇంకా కొంత దూరం వుందనగా ఇంజను దగ్గలేదు, తుమ్మలేదు. దీపం ఊదినట్టు ఒక్కసారిగా ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతున్నది, ఇంజను మాత్రం అందుకోదు. వెనుకనుంచి లారీవాడి హారను. మీరు బానెట్టు ఎత్తి, ఏదో తెలిసినవారిలా లోపలికి చూస్తారు. పిల్లలు పులిహోర తినేస్తారు. నాయనమ్మ పైడితల్లి అమ్మవారికి మొక్కుకుంటుంది. అరగంట గడిచాక ఊరికే ఒకసారి తాళం తిప్పితే, ఇంజను తానేమీ ఎరగనట్టు టక్కున అందుకుంటుంది!

అంబాసిడరు రోజుల్లో దీనికి జవాబు ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఎండ వేడికి, ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. పంపు పెట్రోలును తోడగలదు గాని ఆవిరిని తోడలేదు. అందుచేత డ్రైవరు ఒక గుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద వేసి, చెట్టునీడన కూర్చునేవాడు. గుడ్డ ఆరేలోగా బండి కదిలేది. ఆ వైద్యం తప్పు కాదు; ఆ రోగానికి అదే మందు.

ఇప్పటి కార్లలో పంపు సాధారణంగా పెట్రోలు ట్యాంకులోనే వుంటుంది, పెట్రోలు మంచి ఒత్తిడిమీద నడుస్తుంది. అలా ఆవిరయ్యే బాధ చాలావరకు పోయింది. అయినా కారు వేడెక్కి ఆగితే మనకు తడిగుడ్డే గుర్తుకొస్తుంది. గుడ్డ వేసినా అరగంటకు కారు కదులుతుంది, వేయకపోయినా కదులుతుంది. పేరు గుడ్డకు దక్కుతుంది. అసలు దోషి మళ్ళీ ఘాటీ ఎక్కేదాకా హాయిగా నిద్రపోతాడు.

ఆ దోషి బొటనవేలంత లావున వుండే ఒక సెన్సరు కావచ్చు. దాని సంగతి తెలియాలంటే అది ఎవరి ఉద్యోగంలో చేరిందో ముందు తెలియాలి.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పడే వేళే ప్రాణం. పిస్టను పైకి వచ్చి గాలినీ పెట్రోలునూ నొక్కిపట్టిన తరుణంలో, దానికి రవ్వంత ముందుగా, ప్లగ్గు వెలగాలి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదంటే సెకనుకు నూరు రవ్వలు పడాలి. మన గంటస్తంభం గంటకొకసారి వేళ తప్పకుండా మోగితే చాలు, మెచ్చుకుంటాం. ఇక్కడ సెకనుకు నూరుసార్లు వేళ తప్పకూడదు!

ఈ పని మొన్నమొన్నటిదాకా డిస్ట్రిబ్యూటరు చేసింది. అమెరికాలో ఛార్లెస్ కెటరింగు 1910 ప్రాంతంలో తయారుచేసిన పద్ధతి అది. గుండ్రని మూతక్రింద ఒక ఇరుసు తిరుగుతుంది. దాని గూనులు తగిలినప్పుడల్లా పాయింట్లు అనే రెండు చిన్న లోహపు బిళ్ళలు విడిపోతాయి. విడిపోయిన క్షణాన రవ్వ పుడుతుంది. పాయింట్ల మధ్య సందు అంబాసిడరుకు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, అంటే మిల్లీమీటరులో సగం కూడా లేదు. పనివాడు ఫీలరు గేజి రేకు ఆ సందులో పెట్టి లాగి చూసేవాడు. రేకు వదులుగా జారకూడదు, బిగిసిపోనూ కూడదు. వెన్నలో కత్తిలా మెత్తగా రావాలి. గేజి లేకపోతే అగ్గిపెట్టె అట్టతోనే కానిచ్చేవారు. తరవాత ఇంజను నడుస్తుండగా డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి ఇటూ అటూ తిప్పి, చెవి ఒగ్గి విని, శ్రుతి కుదిరిందనగానే బిగించేవారు.

ఆ చెవులకు నేనూ నమస్కారం పెడతాను. కాని పాయింట్లు అరిగేవి, మాడేవి. సందు మారేది, రవ్వ వేళ తప్పేది. కొన్ని వేల మైళ్ళకొకసారి మళ్ళీ షెడ్డుకు పోవలసిందే. జర్మనీలోని బాష్ కంపెనీవారు 1979లో రవ్వనూ పెట్రోలునూ కలిపి ఒకే ఎలక్ట్రానిక్ పెట్టెకు అప్పగించే మోట్రానిక్ పద్ధతిని బీఎండబ్ల్యూ కారులో ప్రవేశపెట్టారు. పెట్టెకు లెక్కలు వచ్చు గాని కళ్ళు లేవు, చర్మం లేదు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదో, ఎంత వేడిగా వున్నదో, ఎంత గాలి పీలుస్తున్నదో ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పేవే సెన్సర్లు.

మన దేశంలో 2000 సంవత్సరం తరువాత వచ్చిన పొగ నిబంధనలతో ఈ పెట్టె చిన్న కార్లలోకి కూడా వచ్చేసింది. 2014లో అంబాసిడరు తయారీ ఆగిపోయేనాటికి పాయింట్లు సరిచేయటం చాలా షెడ్లలో అప్పటికే పాత ముచ్చట.

సెన్సరును మార్చటం, సరిచేయటం ఎలాగో చెప్పటానికి నేనొక పాత స్పోర్ట్సు కారును ఎంచుకుంటాను. పోర్షే 944 అని, 1982నుంచి 1991వరకు జర్మనీలో తయారైన బండి. ఇంచుమించు లక్షా అరవైవేల బళ్ళు తయారయ్యాయి. ముందు ఇంజను, వెనుక గేరుపెట్టె. మధ్య పొడుగాటి గొట్టంలో ఇరుసు. నాలుగు సిలిండర్లు, రెండున్నర లీటర్లు. విజయనగరం వీధుల్లో ఇది కనపడటం అరుదు. అమెరికాలో మాత్రం పాత 944ను కొనుక్కుని, ఆదివారాలు గ్యారేజీలో దాని క్రింద పడుకునేవాళ్ళు ఎందరో. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ వుంటారు. భార్యలు ఏమంటారో ఊహించుకోవచ్చు. నేను దీన్నే ఎంచుకోవటానికి కారణం వుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి సెన్సరు బిగించేస్తే సరి, సందు సర్దే అవసరం లేదు. 944లో మాత్రం పనివాడు సందు కొలిచి అమర్చవలసిందే. పాత పాయింట్ల విద్యకూ కొత్త పెట్టె విద్యకూ మధ్య నిలబడిన కారు ఇది.

ఇందులో ఇంజను వెనుక భాగాన, ఫ్లైవీలు అనే బరువైన చక్రం దగ్గర, ఒకే బ్రాకెట్టుకు రెండు సెన్సర్లు పక్కపక్కన వుంటాయి. అచ్చంగా కవలపిల్లలు. ఒకటి ఫ్లైవీలు చుట్టూ వున్న 132 పళ్ళను లెక్కపెడుతుంది. వేగం చెప్పటం దాని పని. రెండోది ఫ్లైవీలుమీద వున్న ఒకే ఒక మేకు కోసం కాచుకుని కూర్చుంటుంది. మేకు తన ఎదుటికి రాగానే "ఇదిగో చుట్టు మొదలయింది" అని చెబుతుంది. ఆ చుక్కనుంచి పళ్ళు లెక్కపెట్టుకుని, ఏ క్షణాన రవ్వ వేయాలో పెట్టె నిర్ణయిస్తుంది.

సైకిలు డైనమో తెలుసు గదా? సెన్సరుకూ దానికీ చుట్టరికం వుంది. సెన్సరు లోపల ఒక అయస్కాంతం, దానికి చుట్టిన సన్నని రాగితీగ. ఇనుప పన్ను దగ్గరగా దాటిపోయినప్పుడల్లా అయస్కాంత బలం చలించి తీగలో చిన్న విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. 3000 చుట్ల వేగంలో సెకనుకు 6600 పళ్ళు దాటుతాయి. సంకేతం బలంగా వుంటుంది. కాని స్టార్టు చేసేటప్పుడు ఇంజను మెల్లగా మూలుగుతూ తిరుగుతుంది. అప్పుడు సంకేతం చాలా బలహీనం. సందు ఎక్కువైతే ఆ కాస్తా పెట్టెకు వినపడదు. సందు మరీ తక్కువైతే, తిరిగే పన్ను సెన్సరు మూతి తినేస్తుంది. అందుకని సందు 0.8 మిల్లీమీటరు వుండాలన్నారు. మన జేబులోని ఏటీఎం కార్డు మందం 0.76. అంతే తేడా!

వేడికీ దీనికీ సంబంధం ఇప్పుడు తెలుస్తుంది. ముప్ఫై నలభై ఏళ్ళు ఇంజను పక్కన కాగిన రాగితీగ లోపలెక్కడో వెంట్రుకంత బీటిస్తుంది. చల్లగా వున్నంతసేపు బీట అతుక్కునే వుంటుంది. వేడెక్కి సాగగానే విడిపోతుంది. ఇక సంకేతం లేదు. సంకేతం లేకపోతే ఇంజను తిరగటం లేదనే పెట్టె నమ్మకం. రవ్వ వేయదు, పెట్రోలు పంపుకు కరెంటు కూడా ఇవ్వదు. ఘాటీలో కారు దగ్గకుండా తుమ్మకుండా ఆగిపోయిందంటే అందుకే. చల్లారితే తీగ మళ్ళీ అతుక్కుంటుంది.

ఈ రోగంలో వున్న మాయ ఇదే. వైద్యుడు వచ్చేసరికి జ్వరం తగ్గిపోతుంది. కారును మరునాడు షెడ్డుకు తీసుకుపోతే అన్నీ సవ్యంగానే వుంటాయి. అక్కడ జరిగే సంభాషణ మనం ఎరిగినదే.

"బాబూ, బండి బాగానే వుంది గదా! ఏటి కంప్లయింటు?"

"ఘాటీలో ఆగిపోయింది మేస్త్రీ."

"అయితే పంపు మార్చేద్దాం బాబూ. అదీ కాకపోతే కాయిలు సూద్దాం. దానికీ లొంగకపోతే పెట్టె మార్పించేద్దాం."

పంపు మారింది, కాయిలు మారింది, పెట్టె కూడా మారింది. వచ్చే నెల కారు మళ్ళీ అక్కడే, అదే మలుపులో ఆగింది. ఇందులో మేస్త్రీ తప్పెంతో యజమాని తప్పూ అంతే వుందని నా అభిప్రాయం. "కొలిచి చూడు, కూలి ఇస్తాను" అనే యజమాని అరుదు. వస్తువుకు డబ్బిస్తాం, తెలివికి బేరమాడతాం. చివరకు ఎన్ని మార్చినా ఫలితం లేదని విసిగి, ఇంకా పదేళ్ళు నడవవలసిన కారును తూకానికి అమ్మేస్తాం.

కొలవటానికి కావలసింది ఒక మల్టీమీటరు. 944లో కారు ఆగినప్పుడు ముందుగా చూడవలసింది వేగంముల్లు. స్టార్టరు తిరుగుతున్నప్పుడు ఆ ముల్లు కాస్తయినా అదురుతూంటే సెన్సర్లను అనుమానించనక్కరలేదు. ముల్లు చచ్చినట్టు పడివుంటే రెండు అనుమానాలు: పెట్టెకు కరెంటు ఇచ్చే రిలే, లేదా సెన్సరు. రిలే లోపలి టంకం అతుకులు కూడా వేడికి బీటలిస్తాయి. దాన్ని ఊడదీసి మరొకటి గుచ్చటం నిమిషం పని కనుక ముందు అదే చేయాలి. అప్పటికీ లేవకపోతే, ఇంజను వేడిగా వుండగానే, చల్లారనివ్వకుండా, సెన్సరు రెండు పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. సుమారు 600నుంచి 1600 ఓములు చూపిస్తే తీగ బ్రతికి వున్నట్టు. అంతులేని సంఖ్య చూపించి, చల్లారాక మళ్ళీ మామూలుకు వస్తే దొంగ దొరికినట్టే. ఆ అరగంటలోనే దొంగ పట్టుబడాలి. పులిహోర తరువాత తినవచ్చు.

మార్చే పని మాత్రం ఇంటికి వచ్చి, ఇంజను పూర్తిగా చల్లబడ్డాక చేయాలి. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. సెన్సర్లు ఇంజనుకూ వెనుక గోడకూ మధ్య ఇరుకులో, చేయి పట్టీపట్టని చోట వుంటాయి. కనెక్టరు ప్లాస్టిక్కు వేడికి అప్పడంలా పెళుసెక్కి వుంటుంది. తీగ పట్టుకుని లాగితే చేతికి ముక్కలు వస్తాయి. రెండు కనెక్టర్లూ ఒకేరకంగా వుంటాయి కనుక విప్పకముందే గుర్తు పెట్టుకోవాలి. వాటిమీద జర్మను పేర్లకు పొడి అక్షరాలు వుంటాయి: వేగం చెప్పేదానికి డీజీ, మేకును చూసేదానికి బీజీ. తారుమారయితే కొత్త సెన్సర్లు వేసినా ఇంజను అందుకోదు. నిక్షేపంలాంటి వస్తువులు వేసి, తల పట్టుకుని కూర్చున్నవాళ్ళు లోకంలో చాలామంది వున్నారు.

సెన్సరును పట్టివుంచేది ఒకే అలెన్ బోల్టు. అది వచ్చేస్తుంది గాని సెన్సరు రాదు. ఏళ్ళ తరబడి బ్రాకెట్టులో తుప్పుపట్టి కూర్చున్న అల్లుడుగారు! ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చుక్కలు వేసి వుంచాలి. మరునాడు సెన్సరును పట్టి కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు తిప్పుతూ ఓపికగా లాగాలి. సుత్తి ముట్టుకోకూడదు. సెన్సరు వచ్చాక ఆ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కడం మరవకూడదు. దాని క్రింద క్లచ్చి గూడు వుంది. చేయి జారి బోల్టు అందులో పడితే పది నిమిషాల పని పది రోజుల పని అవుతుంది.

ఇక సందు అమర్చటం. ఆ చీకటి గూట్లోకి ఫీలరు గేజి పోదు, కన్నూ ఆనదు. దీనికొక చక్కని ఉపాయం వున్నది. సరిగ్గా 0.8 మిల్లీమీటరు మందం వున్న చిన్న వాషరును కొత్త సెన్సరు మూతికి చుక్క జిగురుతో అంటించాలి. వేగపు సెన్సరును బ్రాకెట్టులో బిగించి, బ్రాకెట్టు బోల్టులను వదులుచేసి, వాషరు ఫ్లైవీలు పంటికి ఆనేవరకు బ్రాకెట్టును దించాలి. ఆనగానే బ్రాకెట్టును బిగించాలి. తరువాత సెన్సరును పైకి తీసి, వాషరును ఊడదీసి, మూతి తుడిచి మళ్ళీ దించాలి. వాషరు వున్నచోట ఇప్పుడు గాలి వుంది. అదే మనకు కావలసిన సందు. రెండు సెన్సర్లకూ బ్రాకెట్టు ఒకటే కాబట్టి రెండోదాని సందు దానంతట అదే సరిపోతుంది. అయినా ఇంజనును రెంచితో మెల్లగా, సవ్యదిశలోనే తిప్పి, మేకు రెండో రంధ్రం క్రిందికి వస్తున్నదో లేదో ఒకసారి చూసుకోవటం మంచిది. మేకు సడలివుంటే ఎన్ని సెన్సర్లు మార్చినా దండుగే.

బొబ్బిలి వీణ చేసేవాళ్ళ పనిలో దీనికి పోలిక కనిపిస్తుంది నాకు. దండిమీద మైనం పరచి, మెట్టు తరువాత మెట్టు స్వరం చూసుకుంటూ అమరుస్తారు. అమర్చేవరకే ఆ శ్రమ. తరువాత వాయించేవారు మెట్టు కోసం వెతుక్కోనక్కరలేదు. డిస్ట్రిబ్యూటరు అలా కాదు, ఫిడేలు. ప్రతిసారీ వేలు తన చోటు తానే వెతుక్కోవాలి. 944లో డిస్ట్రిబ్యూటరు మూత ఇంకా వుంది గాని, దాన్ని తిప్పి టైమింగు మార్చటానికి వీలు లేదు. అది రవ్వను పంచిపెట్టే తలారి మాత్రమే.

తక్కిన సెన్సర్లలో నీళ్ళ వేడిని చూసేదాని సంగతి చెప్పుకోవాలి. మన సముద్రతీరం వాళ్ళకు అది ముఖ్యం. అది వేడెక్కినకొద్దీ నిరోధం తగ్గే జాతి. బాష్ వారిదయితే 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓములు. 80 డిగ్రీల దగ్గర మూడువందల చిల్లర. నిరోధం ఎక్కువ వుందంటే ఇంజను చల్లగా వున్నట్టు పెట్టె అర్థం చేసుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఇప్పుడు ఉప్పుగాలికి కనెక్టరు లోపల చిలుము పట్టిందనుకోండి. చిలుము కూడా నిరోధమే! అది సెన్సరు నిరోధానికి తోడవుతుంది. బయట మే నెల ఎండ మాడుస్తూంటే, కారు మాత్రం తాను హిమాలయాల్లో వణుకుతున్నాననుకుని పెట్రోలు త్రాగుతూంటుంది. వెనుకనుంచి నల్లపొగ, పెట్రోలు వాసన. దీనికి చాలాసార్లు కొత్త సెన్సరు అక్కరలేదు. కనెక్టరు విప్పి, చిలుము గీకి, శుభ్రంచేసి బిగిస్తే చాలు. భీమునిపట్నం పక్కన కాపురమున్నవారు ఏడాదికొకసారి ఈ పని చేయించుకుంటే పెట్రోలు ఖర్చులోనే కూలి గిట్టుతుంది.

పొగగొట్టంలో వుండే లాంబ్డా సెన్సరును బాష్ వారు 1976లో తెచ్చారు. పొగలో మిగిలిన ప్రాణవాయువును చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెబుతుంది. సీసం కలిసిన పెట్రోలు దానికి విషం. మన దేశంలో సీసం పెట్రోలు 2000 వరకు అమ్మారు. అంతకుముందు విదేశాలనుంచి వచ్చిన బండిలో ఈ సెన్సరు వుంటే అది ఎంతకాలం బ్రతికిందో చెప్పనక్కరలేదు. పాత కార్బురెట్టరు బండి అరకు ఎక్కితే, పైన గాలి పలచబడి, పెట్రోలు పాలు ఎక్కువై, ఇంజను బరువుగా మూలిగేది. సముద్రమట్టానికి తొమ్మిదివందల మీటర్ల పైకి పోతే గాలి సుమారు పదోవంతు తగ్గుతుంది మరి. లాంబ్డా వున్న బండి ఆ తేడాను తనంతట తానే దిద్దుకుంటుంది. బండికి కొండ ఎక్కిన సంగతే పట్టదు.

సెన్సర్లు బిగించాక బ్యాటరీ తగిలించి, మొదటిసారి తాళం తిప్పినప్పుడు ఇంజను చప్పుడు వినకండి, వేగంముల్లు చూడండి. ముల్లు అదిరితే చాలు, తక్కినది దానంతట అదే జరుగుతుంది. వాషరు ఊడదీశామా లేదా అన్న అనుమానం వస్తే మాత్రం తాళం తిప్పకముందే రావాలి.

కవలల్లో సాధారణంగా చెడేది ఒకటే. అయినా ఇరుకులో చేయి పెట్టే బాధ రెండుసార్లు ఎందుకని రెండూ ఒకేసారి మారుస్తారు. అప్పుడు ఇంకా బ్రతికివున్న పాతది ఒకటి చేతిలో మిగులుతుంది. దాన్ని పారవేయవద్దు. ఓములు కొలిచి, ఆ అంకె ఒక చీటీమీద వ్రాసి, దాన్నీ ఒక అలెన్ తాళాన్నీ గుడ్డలో చుట్టి, డిక్కీలో స్పేరు చక్రం క్రింద పెట్టండి. తడిగుడ్డ కావాలంటే ఆ గుడ్డ వుండనే వుంది.